వ్యవసాయ కాలేజీలో పాఠం చెప్పే ఉద్యోగం, శామ్ హిగిన్‌బాటమ్ నడిచిన దారి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ఎమ్మెస్సీ అగ్రికల్చర్ అయింది, నెట్ కూడా పాసయ్యారు, ఒక క్రైస్తవ సంస్థ నడిపే వ్యవసాయ కళాశాలలో అసిస్టెంట్ ప్రొఫెసర్ ఉద్యోగం వచ్చేలా ఉంది. ఇంట్లోవాళ్ళు మాత్రం బ్యాంకులో అగ్రికల్చర్ ఫీల్డ్ ఆఫీసర్‌ పరీక్ష రాయమంటున్నారు. ఈలోపు అలహాబాద్ (ఇప్పటి ప్రయాగ్‌రాజ్) పక్కన నైనీలో వ్యవసాయ విద్యాలయం పెట్టిన శామ్ హిగిన్‌బాటమ్ గురించి ఎక్కడో చదివారు. ఆయన మన దేశానికి వచ్చేనాటికి వ్యవసాయం చదివిన మనిషే కాదని తెలిసి ఆశ్చర్యపోయారు. అలాంటి మనిషికి వ్యవసాయ గురువుగా అంత పేరు, అంత అభిమానం ఎలా వచ్చాయి, ఈ రోజుల్లో ఆ దారిలో వెళ్ళడం కుదురుతుందా, క్రైస్తవులు కానివాళ్ళు ఆ సంస్థల్లో ఇమడగలరా అని అడిగారు.

సూటిగా చెప్తాను. కుదురుతుంది. అయితే ఆయన దారి అంటే మిషన్లూ విరాళాలూ అని కాదు నా ఉద్దేశం. పొలం అడిగిన ప్రశ్నకి మన దగ్గర జవాబు లేకపోతే, ఎంత పెద్ద కుర్చీలో ఉన్నా దిగివచ్చి మళ్ళీ విద్యార్థిగా కూర్చోవడం. ఆయన కెరీర్ మొత్తం ఆ ఒక్క పని మీద నిలబడింది. అది మీ వల్ల అవుతుందనిపిస్తే ఉద్యోగంలో చేరండి. అవ్వదనిపిస్తే బ్యాంకు ఉద్యోగం ఏమీ తక్కువది కాదు, రైతుకి సమయానికి అప్పు అందించడం కూడా పెద్ద సాయమే. రెండూ కాకుండా, సెలవులు ఎక్కువుంటాయి, ఏసీ గదిలో పవర్ పాయింట్ చూపిస్తే సరిపోతుంది అనుకుని మాత్రం ఇటు రాకండి. నేను ముప్ఫై ఏళ్ళకు పైగా అగ్రానమీ, అంటే పంటల సాగు శాస్త్రం, చెప్పి రిటైరయ్యాను, పీజీ నైనీలోనే చదివాను, కాబట్టి ఈ రెండు విషయాల గురించీ నాకు తెలిసినంతా రాస్తాను. పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఆయన సంగతి. హిగిన్‌బాటమ్ 1874లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో పుట్టారు. చదువుకోవాలని అమెరికా వెళ్ళి, మౌంట్ హెర్మన్ స్కూల్లో, ఆ తర్వాత ఆమ్హర్స్ట్‌లో, చివరికి ప్రిన్స్‌టన్‌లో చదివి 1903లో డిగ్రీ పూర్తి చేశారు. అదే ఏడాది అమెరికా ప్రెస్బిటేరియన్ చర్చి మిషన్ తరఫున అలహాబాద్ చేరారు. ఆయన అనుకుని వచ్చింది ఊళ్ళల్లో పేదల మధ్య తిరిగి చేసే పని. ఇక్కడికొచ్చాక మిషన్‌వాళ్ళు చేతికిచ్చింది అలహాబాద్ క్రిస్టియన్ కాలేజీలో ఎకనామిక్స్ క్లాసు. ఇప్పటి యూయింగ్ క్రిస్టియన్ కాలేజీ అదే. మనలో చాలామంది ఇక్కడే ఆగిపోతాం కదా, అనుకున్నది ఒకటి అయింది ఒకటి అని జీతం తీసుకుంటూ సరిపెట్టుకుంటాం. ఆయన క్లాసు మానలేదు, సరిపెట్టుకోనూ లేదు. పాఠం చెప్తూనే యమున అవతల ఊళ్ళల్లో తిరిగారు. నైనీలో ఉన్న కుష్ఠురోగుల ఆశ్రమం బాధ్యత కూడా నెత్తిన వేసుకున్నారు. అప్పట్లో కుష్ఠు ఉన్న మనిషిని సొంత ఇంటివాళ్ళే గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. కాలేజీ లెక్చరర్ అక్కడికి వెళ్ళి పనిచెయ్యడం ఎంత పెద్ద సంగతో మీరే ఊహించుకోండి.

ఆ తిరుగుళ్ళలో ఆయనకి ఒక విషయం బోధపడింది. ఎకనామిక్స్ పుస్తకం పేదరికం గురించి ఎన్ని మాటలైనా చెప్తుంది గానీ, ఎదురుగా ఉన్న రైతుకి ఎకరానికి నాలుగు గింజలు ఎక్కువ పండితే తప్ప ఏ సిద్ధాంతమూ కంచంలోకి అన్నం తీసుకురాదు. మరి ఆ నాలుగు గింజలు ఎక్కువ పండించడం ఎలాగో తనకి తెలియదు. తెలియదన్న సంగతి తనకి తాను ఒప్పుకున్నారు. నా దృష్టిలో ఆయన గొప్పదనం మొత్తం ఇక్కడే ఉంది. 1909లో సెలవు మీద అమెరికా వెళ్ళి, దాదాపు 35 ఏళ్ళ వయసులో, పెళ్ళయి సంసారం ఉన్న మనిషి, ఆరేళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పొచ్చిన మనిషి, ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో బీఎస్సీ అగ్రికల్చర్‌లో చేరారు. తనకన్నా పదిహేనేళ్ళు చిన్న పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని మట్టి గురించి, పశువుల మేత గురించి చదువుకున్నారు. సెలవుల్లో ఊరూరా తిరిగి విరాళాలు అడిగారు. 1911లో తిరిగి వచ్చేటప్పుడు ఆయన దగ్గర ఒక డిగ్రీ, 30,000 డాలర్ల దాకా విరాళాలు ఉన్నాయి.

ఆ డబ్బుతో యమున ఒడ్డున నైనీలో 275 ఎకరాలు కొన్నారు. అప్పటికి ఆయన ఇంకా అమెరికాలోనే ఉన్నా, విద్యాలయం పుట్టిన ఏడాదిగా మాత్రం 1910ని చెప్తారు. మంచి భూమి అనుకునేరు. గండ్లు పడి, పైమట్టి వానకి కొట్టుకుపోయి, రెల్లు కమ్మేసిన నేల అది. మంచి నేల కొనుంటే అక్కడ ఏం పండించినా "నీకేం, నేల మంచిది" అని రైతు తేలిగ్గా తీసేసేవాడు. అందరూ వదిలేసిన నేలలో పండించి చూపిస్తే చుట్టుపక్కల ఊళ్ళు ఆగి చూస్తాయి. గండ్లకి అడ్డంగా గట్లు కట్టి, వాననీటితో వచ్చే ఒండ్రుని అక్కడే ఆపి, వేసవిలో లోతు దుక్కులు చేసి, పశువుల మేత పాతరేసి, ఆ నేలని దారికి తెచ్చారు.

రెల్లు అన్నాను కాబట్టి ఒక సంగతి చెప్పాలి. నేను నైనీలో చేరిన మొదటి ఏడాది మే నెలలో, లూ అనే ఉత్తరాది వడగాలి మొహాన కొడుతుంటే, మా మాస్టారు (పేరు రాయను, ఆయన ఇష్టపడేవారు కాదు) మమ్మల్ని పొద్దున ఆరింటికే పొలం చివరికి తీసుకెళ్ళి ఒక్కొక్కరికి ఒక్కో రెల్లు దుబ్బు చూపించి, పలుగిచ్చి, వేళ్ళతో సహా తియ్యమన్నారు. మా ఊళ్ళో కాలవగట్ల మీద రెల్లు చూసే పెరిగాను, గడ్డే కదా అనుకున్నాను. మోకాలు లోతు తవ్వాను, ఇంకా దుంపవేరు కిందకి వెళ్తూనే ఉంది. నడుం లోతుకి వచ్చేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. ఒక్క కణుపు ముక్క మిగిలిపోయింది మట్టిలో. మాస్టారు వంగి, ఆ ముక్కని వేళ్ళతో తీసి, "వానలు పడ్డాక ఇది మళ్ళీ దుబ్బవుతుంది" అన్నారు. అంతే, ఇంకేం చెప్పలేదు. లోతు దుక్కి ఎందుకు చెయ్యాలి, అదీ మే ఎండలోనే ఎందుకు చెయ్యాలి, పైకి తేలిన వేళ్ళు ఎండిపోవాలంటే ఎన్ని రోజులు పట్టాలి, ఇవన్నీ నాకు ఆ గోతిలోనే అర్థమైపోయాయి. కలుపు నివారణ గురించి నేను తర్వాత ఎన్నో పేజీలు చదివాను, పరీక్షలు రాశాను. ఈ రోజుకీ కళ్ళు మూసుకుంటే గుర్తొచ్చేది ఆ తెల్లటి కణుపు ముక్కే. ఆ పద్ధతి ఆ మాస్టారు కనిపెట్టింది కాదు, ఆయన గురువుల దగ్గర్నుంచి వచ్చింది, వాళ్ళకి ఆ నేల దగ్గర్నుంచి వచ్చింది.

హిగిన్‌బాటమ్‌కి గురువుగా అంత అభిమానం ఎలా వచ్చింది అన్నారు. నా అనుభవంలో వ్యవసాయ విద్యార్థి మాస్టారిని అంచనా వేసేది క్లాసులో కాదండీ, పొలంలో. ప్యాంటు మడిచి మడిలో దిగుతాడా, గట్టు మీదే గొడుగు పట్టుకుని నిలబడతాడా? రైతు ఏదైనా అడిగితే తెలియనప్పుడు తెలియదంటాడా, నోటికొచ్చింది చెప్తాడా? పిల్లలు ఇవి ఒక్క పూటలో కనిపెట్టేస్తారు, నాలుగేళ్ళూ మర్చిపోరు.

నా కథే చెప్తాను. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు. మూడో సంవత్సరం పిల్లల్ని తీసుకుని ఒక ఊళ్ళో వేరుశనగ చేలోకి వెళ్ళాను. చేను పసుపెక్కి ఉంది. రైతు పెద్దాయన, తలపాగా చుట్టుకుని గట్టు మీద కూర్చుని, "ఏం చెయ్యమంటారు సార్" అని అడిగాడు. ఇరవై మంది పిల్లలు నా మొహం చూస్తున్నారు. పసుపు అంటే నత్రజని లోపం అని పుస్తకంలో ఉన్న మొదటి మాట నోట్లోంచి వచ్చేసింది, ఎకరానికి ఇంత యూరియా వెయ్యమని చెప్పేశాను. ఆయన వేశాడు. పదిహేను రోజుల తర్వాత వెళ్తే చేను అలాగే ఉంది, యూరియా ఖర్చు దండగ. అప్పుడు మోకాళ్ళ మీద కూర్చుని మొక్కని దగ్గరగా చూశాను. ముదురు ఆకులు పచ్చగానే ఉన్నాయి. పసుపెక్కింది లేత ఆకులు. వాటిలోనూ ఈనెలు పచ్చగా, ఈనెల మధ్య పసుపు. నత్రజని లోపమైతే కింది ముదురాకులు ముందు పసుపెక్కాలి. ఇది ఇనుపధాతు లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో వేరుశనగకి తరచూ వస్తుంది, నేలలో ఇనుము ఉన్నా మొక్కకి అందదు. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి వారం తేడాతో రెండుసార్లు పిచికారీ చేస్తే కొత్త ఆకులు పచ్చబడ్డాయి.

ఆ రెండోసారి వెళ్ళేటప్పుడు అదే ఇరవై మంది పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళాను. వాళ్ళ ముందే ఆ పెద్దాయనతో, "మొన్న నేను చెప్పింది తప్పండీ, యూరియా డబ్బు నేనిస్తాను" అన్నాను. ఆయన డబ్బు తీసుకోలేదు. "తప్పని చెప్పడానికి మళ్ళీ వచ్చిన ఆఫీసరుని ఇదే చూడటం" అన్నాడు. వారం రోజులు నిద్ర పట్టలేదు నాకు, పిల్లల ముందు పరువు పోయిందని టెన్షన్. కానీ ఆ బ్యాచ్ పిల్లలే ఇప్పటికీ నాకు ఫోన్లు చేస్తారు. అందులో ఒకమ్మాయి ఇప్పుడు మండల వ్యవసాయాధికారి. ఎక్కడైనా చేను పసుపెక్కితే ఆకు ఫొటో పంపి, "సార్, లేతాకా ముదురాకా అని ముందు చూశాను, ఇక చెప్పండి" అంటుంది. నాకు వచ్చిన ఏ సర్టిఫికెట్టూ ఆ ఒక్క మాటకి సాటి రాదు.

అందుకే మీకు చెప్పే మొదటి విషయం: తెలియదు అనడం నేర్చుకోండి, కానీ అక్కడితో ఆగకండి. తెలుసుకుని మళ్ళీ ఆ గట్టు మీదకి వెళ్ళాలి. హిగిన్‌బాటమ్ చేసింది కూడా ఇదే, కాకపోతే ఆయన పదిహేను రోజుల బదులు రెండేళ్ళు తీసుకుని సముద్రాలు దాటి వెళ్ళి తెలుసుకొచ్చారు.

ఇంకో ముఖ్యమైన సంగతి. అంతా ఆయన ఒక్కడే చేశాడనుకోవద్దు. ఆయన చాలాకాలం విరాళాల కోసం అమెరికా తిరుగుతూ ఉండేవారు. 1916 నుంచి కొన్నేళ్ళు గ్వాలియర్ సంస్థానానికి వ్యవసాయ డైరెక్టర్‌గా కూడా పనిచేశారు. ఆ సమయాల్లో నైనీలో పని నడిపింది ఆయన చుట్టూ ఉన్నవాళ్ళు. వాళ్ళలో మేసన్ వా గారి గురించి తప్పకుండా తెలుసుకోండి. 1921లో వచ్చారు, ఇంజినీరు. అప్పటికి విదేశీ ఇనుప నాగళ్ళు మన దేశంలో దొరకడం లేదని కాదు. మన ఎడ్లు చిన్నవి, ఆ నాగళ్ళు బరువు, ధర రైతుకి అందదు, కర్రు విరిగితే ఊరి కమ్మరి బాగుచెయ్యలేడు. వా గారు మన ఎద్దుల జత లాగగలిగేవి, మట్టిని తిరగెయ్యగలిగేవి అయిన రెక్క నాగళ్ళు తయారుచేశారు. వాటికి పెట్టిన పేర్లు వినండి: "వాహ్ వాహ్", "శాబాష్". రైతు నోట్లోంచి వచ్చే మాటలనే నాగలికి పేర్లుగా పెట్టారు. ఆ పేర్లు విన్న ప్రతిసారీ నాకు మనసు నిండిపోతుంది. మన దగ్గర మేడి పట్టుకునే మనిషికి ఏది బరువో, ఏది తేలికో తెలుసుకోకుండా గదిలో కూర్చుని గీసిన పనిముట్లు ఎన్ని షెడ్లలో తుప్పు పట్టాయో నేను స్వయంగా చూశాను. 1942లో నైనీలో వ్యవసాయ ఇంజినీరింగ్ డిగ్రీ మొదలైంది. ఆసియాలోనే మొదటిదని చెప్తారు. ఈ రోజు మన దగ్గర బీటెక్ అగ్రికల్చరల్ ఇంజినీరింగ్ చదివే పిల్లలు ఎంతమందికి ఈ సంగతి తెలుసు?

హిగిన్‌బాటమ్ గారి భార్య ఎథెల్ గారు కూడా అక్కడ గృహవిజ్ఞానం చదువుకి పునాది వేశారు. ఇప్పటికీ అక్కడి హోమ్ సైన్స్ కాలేజీకి ఆవిడ పేరే. జెర్సీ ఎద్దుల్ని మన రెడ్ సింధీ ఆవులతో కలిపి "జెర్‌సింధ్" అనే సంకరజాతిని తయారుచేసింది కూడా నైనీలోనే. తర్వాత తరంలో ప్రిన్సిపాల్‌గా చేసిన ఆర్థర్ మోషర్ గారు, వ్యవసాయం ముందుకి కదలాలంటే ఏమేం ఉండాలో చెప్పిన ఐదు సూత్రాల గురించి మీరు ఎక్స్‌టెన్షన్ (వ్యవసాయ విస్తరణ) పేపర్‌లో చదివే ఉంటారు. పంటకి మార్కెట్, ఎప్పటికప్పుడు మారే సాంకేతికత, ఊళ్ళోనే విత్తనం ఎరువు దొరకడం, రైతుకి గిట్టుబాటు, రవాణా. పరీక్ష కోసం బట్టీ పట్టేటప్పుడు ఇవి ఉత్త పాయింట్లు. ఆ మనిషి నైనీ చుట్టుపక్కల ఊళ్ళల్లో ఏళ్ళ తరబడి పనిచేశాడని తెలిశాక అవే మాటలు వేరేగా వినిపిస్తాయి.

ఇప్పుడు మీరు కొంచెం మొహమాటంగా అడిగిన విషయం, మతం సంగతి. నేను హిందూ కుటుంబంలో పుట్టాను, క్రైస్తవ విద్యాసంస్థలో చదువుకున్నాను, తర్వాత అలాంటి ఇంకో సంస్థలో కొన్నేళ్ళు పనిచేశాను. పొద్దున ప్రార్థన ఉంటుంది, క్రిస్మస్‌కి పెద్ద సందడి ఉంటుంది. నన్ను ఎవరూ నువ్వు ఇది నమ్ము, అది మానెయ్యి అనలేదు. అన్ని చోట్లా ఇలాగే ఉంటుందని హామీ ఇవ్వలేను, సంస్థను బట్టి, నడిపే మనుషుల్ని బట్టి మారుతుంది, కాబట్టి అక్కడ పనిచేస్తున్న ఇద్దరు ముగ్గురిని విడిగా కలిసి అడగండి. కానీ హిగిన్‌బాటమ్ గారి కాలంలో గొడవ ఇంకో వైపు నుంచి వచ్చింది, అది తెలుసుకోవాలి. "వాక్యం చెప్పడానికి పంపిస్తే ఈయన నాగలి పట్టుకుంటాడేమిటి" అని సొంత మనుషులే ప్రశ్నించారు. 1921లో ఆయన రాసిన పుస్తకం పేరులోనే సువార్తనీ నాగలినీ పక్కపక్కన పెట్టారు, అదే ఆయన జవాబు. ఆకలితో ఉన్న మనిషికి అన్నం పండించుకోవడం నేర్పడం తన విశ్వాసంలో భాగమే అని ఆయన మనస్ఫూర్తిగా నమ్మారు. నాగటి మీద చెయ్యి వేశాక వెనక్కి చూడకూడదన్న బైబిలు మాట మన తెలుగు క్రైస్తవులకి బాగా తెలిసిందే, ఆయన దాన్ని నిజం నాగలితోనే చేసి చూపించారు. చివరికి అదే చర్చి 1939లో ఆయన్ని తమ జనరల్ అసెంబ్లీకి మోడరేటర్‌గా, అంటే సర్వసభకి అధ్యక్షుడిగా, ఎన్నుకుంది.

మన వైపు కూడా ఇలాంటి ఉదాహరణ ఉంది. 1876-78 కరువులో ఒంగోలు మిషన్‌లో ఉన్న జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో మూడు మైళ్ళకి పైగా కాంట్రాక్టు తీసుకుని, ఆకలితో వచ్చిన వేలమందికి కూలి దొరికేలా చేశారు. ఆయన మన దేశానికి వచ్చింది కాలవలు తవ్వించడానికి కాదు. ఎదురుగా ఉన్న అవసరమే ఆ పని చేయించింది. మా తాతగారి ఊరు ఆ కాలవ పక్కనే, చిన్నప్పుడు ఈ కథ విని పెరిగాను కాబట్టేనేమో నైనీ వెళ్ళినప్పుడు హిగిన్‌బాటమ్ నాకు కొత్త మనిషిగా అనిపించలేదు.

ఇంకో మాట. 1934లో గాంధీగారు అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం పెట్టినప్పుడు సలహాదారులుగా ఎంచుకున్నవాళ్ళలో రవీంద్రనాథ్ ఠాగూర్, సి.వి. రామన్, జగదీశ్ చంద్ర బోస్‌లతో పాటు హిగిన్‌బాటమ్ పేరు కూడా ఉంది. ఆయన మిషనరీ, పుట్టింది ఇంగ్లండులో. విదేశీ వస్త్రాలు తగలబెట్టిన ఉద్యమం నడిపిన మనిషి ఆయన్ని సలహా అడిగారంటే పల్లెటూరు గురించి ఆయన మాటకి ఎంత విలువ ఉండేదో అర్థం చేసుకోండి.

ఆయన్ని దేవుణ్ణి చెయ్యమని నేననడం లేదు. వలస పాలన కాలం అది. ఆ పాలనలో కొన్ని తలుపులు ఆయనకి తేలిగ్గా తెరుచుకున్నాయి, మన రైతు కొడుకు ఎవరికీ అప్పట్లో ఆ తలుపులు తెరుచుకునేవి కావు. అమెరికా విరాళాలు లేకపోతే ఆ 275 ఎకరాలు లేవు. మన రైతుకి తరాలుగా తెలిసిన విషయాల్ని ఆ కాలం విదేశీయులు చాలాసార్లు తక్కువ అంచనా వేశారు, ఆయన రాతల్లోనూ అక్కడక్కడా ఆ ధోరణి కనిపిస్తుంది, చదివినప్పుడు నాకు ముల్లులా గుచ్చుకుంది. అయినా ముప్ఫై ఏళ్ళకు పైగా ఒకే నేలని పట్టుకుని ఉండి, 1940ల మధ్యలో రిటైరై వెళ్ళి, 1958లో కన్నుమూసేదాకా ఆ మనిషి పేరు ఆ నేలతోనే ముడిపడి ఉంది. ఆ సంస్థ 2000లో డీమ్డ్ యూనివర్సిటీ అయింది, 2009లో ఆయన పేరు పెట్టుకుంది, 2016లో రాష్ట్ర చట్టంతో పూర్తి విశ్వవిద్యాలయం అయింది.

ఇక మీ ఉద్యోగం సంగతికి వద్దాం. ఇంటర్వ్యూకి వెళ్ళే ముందు ఇవి చూసుకోండి.

కాలేజీకి ఐసీఏఆర్ (భారత వ్యవసాయ పరిశోధనా మండలి) గుర్తింపు ఉందా. లేకపోతే మీ దగ్గర చదివే పిల్లలకి పీజీ సీట్ల దగ్గర, ప్రభుత్వ ఉద్యోగాల దగ్గర ఇబ్బందులు వస్తాయి. నాలుగేళ్ళు కష్టపడి చదివిన పిల్ల వచ్చి "సార్, నన్ను అప్లై చెయ్యనివ్వడం లేదు" అని ఏడిస్తే మీ దగ్గర జవాబు ఉండదు. ఆ పరిస్థితి నేను ఒకసారి దగ్గరగా చూశాను, మళ్ళీ చూడలేను.

పొలం ఎంత ఉంది, ఎవరు సాగు చేస్తున్నారు. ఇది అన్నిటికన్నా ముఖ్యం. కాగితం మీద ఇన్ని ఎకరాలని ఉండొచ్చు. వెళ్ళి చూడండి. నేను ఒక కాలేజీకి ఎగ్జామినర్‌గా వెళ్తే ఫామ్ అని చూపించింది బోర్డు పాతిన తుమ్మ తోపు. ప్రాక్టికల్ రికార్డుల్లో మాత్రం ప్రతి పిల్లాడూ వరి నాటినట్టు, కలుపు తీసినట్టు, కోసినట్టు రాసుంది. చేతులు చూపించమంటే ఒక్కడి చేతికీ కాయలు లేవు. ఆ పిల్లల తప్పు కాదది.

పీహెచ్‌డీ ఎప్పుడు చేస్తారు. ఎమ్మెస్సీ, నెట్‌తో లోపలికి వెళ్ళొచ్చు గానీ పైకి వెళ్ళాలంటే పీహెచ్‌డీ తప్పదు. చేరేటప్పుడే స్టడీ లీవ్ సంగతి కాగితం మీద రాయించుకోండి, నోటిమాట నమ్మకండి. జీతం కూడా అంతే, యూజీసీ స్కేలు అంటారు, చేతికి వచ్చేది వేరే ఉంటుంది కొన్ని చోట్ల, అది ముందే తేల్చుకోండి. ఇంట్లోవాళ్ళ భయం అందులో సగం న్యాయమైనదే.

రావెప్ ఎలా నడుస్తోంది. నాలుగో ఏడాది పిల్లలు ఊళ్ళో ఉండి రైతు దగ్గర నేర్చుకోవాల్సిన కార్యక్రమం అది. మాస్టారు వారానికి ఒక్కసారైనా ఆ ఊరు వెళ్తున్నాడా, లేక చివర్లో సంతకాలు పెట్టేస్తున్నారా? పాత విద్యార్థి ఎవరినైనా పట్టుకుని అడగండి, ఐదు నిమిషాల్లో కాలేజీ బండారం బయటపడుతుంది. నిజంగా నడుస్తుంటే మాత్రం, ఆ ఉద్యోగం వదులుకోకండి. మీరు రాయబోయే ఏ రీసెర్చ్ పేపరుకన్నా ఆ ఆరు నెలలు ఎక్కువ మందికి పనికొస్తాయి.

బ్యాంకు వాళ్ళతో పోల్చుకుంటే మొదటి ఐదారేళ్ళు మీ జేబులో తక్కువే ఉంటుంది. మా ఇంట్లో కూడా ఆ మాట చాలాసార్లు వచ్చింది, మా బ్యాచ్‌లో బ్యాంకుకి వెళ్ళినవాళ్ళు ఇళ్ళు కట్టుకుంటుంటే నేను అద్దె ఇంట్లో ఉన్నాను. నాకు బాధ లేదని అబద్ధం చెప్పను, కొన్నేళ్ళు ఉండేది. మా ఆవిడ టీచరు కాబట్టి గడిచింది. మీ ఇంటి పరిస్థితి ఏమిటో నాకు తెలియదు, అప్పులు ఉంటే, చెల్లెళ్ళ పెళ్ళిళ్ళు ఉంటే, ముందు బ్యాంకుకి వెళ్ళండి. నాలుగేళ్ళ తర్వాత కూడా పాఠం చెప్పాలనే ఉంటే అప్పుడు రండి. హిగిన్‌బాటమ్ దాదాపు 35 ఏళ్ళకి మళ్ళీ బీఎస్సీలో చేరాడు, మీకింకా పాతికేళ్ళే.

ఇంటర్వ్యూ రోజు ఒక పని చెయ్యండి. వాళ్ళు పదింటికి రమ్మంటారు. మీరు పొద్దున ఆరున్నరకే వెళ్ళి, ఆఫీసు వైపు కాకుండా నేరుగా ఫామ్‌లోకి నడవండి. ఆ సమయంలో పొలంలో ఎవరున్నారో చూడండి. కూలీలు మాత్రమే ఉన్నారా, పిల్లలు కూడా ఉన్నారా, వాళ్ళతో ఒక మాస్టారైనా ఉన్నాడా. ఉంటే ఆయన దగ్గరికి వెళ్ళి ఏం పంట వేశారు, పదును ఎలా ఉంది అని మాట కలపండి. చూసొచ్చాక ఇక్కడే రాయండి, ఆ తర్వాత చేరాలా వద్దా అన్నది మాట్లాడుకుందాం.